గబ్బిలానికి కాదు, మనిషికి చెప్పుకుందాం

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో ఉండి నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి చనిపోతే ఆమె తండ్రి వేసిన కేసు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో కనీసం ఒకరిని నియమించుకోవాలని కోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వంటి అణగారిన నేపథ్యాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. దానికి నాలుగు నెలల ముందు, మార్చి 24న, ఇంకో కేసులో ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద జస్టిస్ రవీంద్ర భట్ నాయకత్వంలో ఒక జాతీయ టాస్క్ ఫోర్స్ వేసింది. ఐఐటీ ఢిల్లీలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వేసిన కేసు అది.

ఈ రెండూ కడుపుకోత పడ్డ తల్లిదండ్రులు కోర్టు మెట్లెక్కితే వచ్చినవి. వాటిని మనం కాపాడుకోవాలి, అమలు చేయమని అడగాలి. అయితే నాకు ఒక ప్రశ్న ఉంది. గది వస్తుంది. తలుపు మీద బోర్డు వస్తుంది. లోపల కుర్చీలో ఒక కౌన్సెలర్ కూర్చుంటారు. ఎదుటి కుర్చీలో మన పిల్లలు కూర్చుంటారు. వాళ్లు నోరు విప్పుతారా?

ఈ ప్రశ్నను నేను బయటి నుంచి అడగడం లేదు. రెండేళ్లకు పైగా ఆ కుర్చీలో కూర్చున్న దళిత పరిశోధక విద్యార్థిగా అడుగుతున్నాను. మనసు విప్పడం అలవాటు కావడానికి ఏం కావాలో, అందులో మన వంతు ఎంతో, ఎదుటివాళ్ల వంతు ఎంతో ఇక్కడ రాస్తాను.

చెప్పుకోవడానికి మనిషి లేని చోటు

మానసిక వైద్యం గురించి రాసేవాళ్లు తరచుగా వాడే మాట 'వల్నరబుల్'. దానికి తెలుగులో ఒక్క మాట వెతికాను. సరిగ్గా అతికేది దొరకలేదు. 'బలహీనం' అంటే తిట్టు అవుతుంది. 'మనసు విప్పడం' దగ్గరగా ఉంటుంది కానీ అందులో భయం లేదు. ఎదుటివాడు పొడిచే వీలున్నా కవచం పక్కన పెట్టి కూర్చోవడం, పొడవడని నమ్మడం, ఆ మాటలో ఈ రెండూ ఉన్నాయి.

మన భాషలో ఆ మాట లేకపోయినా దానికి వ్యతిరేకంగా సామెతలు మాత్రం బాగానే ఉన్నాయి. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. ఏడ్చే మగాణ్ని నమ్మకూడదన్నారు. ఈ సామెతలు వింటూ పెరిగిన పిల్లలు ఒక అపరిచితురాలి ముందు కూర్చుని నాన్న తాగుడు గురించో, తన భయం గురించో చెప్పాలంటే ఎన్ని గడపలు దాటాలో ఆలోచించండి. అది అన్ని కులాల పిల్లలకూ ఉన్న గడపే. మనకు దాని పైన ఇంకొకటి ఉంది.

గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. అందులో దళితుడు తన బాధను శివుడికి చేరవేయమని ఒక గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. మనిషికి మూసిన గుడి తలుపు గబ్బిలానికి తెరిచే ఉంటుంది. అది దేవుడి చెవి దగ్గర వేలాడగలదు. మనం ఈ కావ్యాన్ని అంటరానితనం మీద ఆగ్రహంగా చదువుకున్నాం, సరైనదే. ఇంకోలా కూడా చదవొచ్చు. చెప్పుకోవడానికి ఒక్క మనిషి దొరకని వాడి కథ అది. అర్ధరాత్రి గుడిసెలోకి పొరపాటున ఎగిరొచ్చిన పక్షిని ఆపి మాట్లాడేంత ఒంటరితనం అతనిది. ఆ కావ్యం వచ్చి ఎనభై ఏళ్లు దాటింది. హాస్టల్ గదుల్లో తెల్లవారుజామున మూడింటికి సెల్‌ఫోన్ వెలుగులో మేలుకుని ఉండే మన పిల్లల చుట్టూ ఇప్పటికీ అదే ఒంటరితనం ఉంది.

మారిపోయే ముఖం

మన పిల్లలు ఎందుకు చెప్పుకోరు? కౌన్సెలింగ్ అంటే తెలియక అనుకుంటారు చాలామంది. అవగాహన సదస్సులు పెడతారు, పోస్టర్లు అంటిస్తారు. తెలియకపోవడం చిన్న కారణం. చెబితే ఏమవుతుందో మనకు బాగా తెలియడం పెద్ద కారణం.

అంబేడ్కర్ తన చిన్ననాటి ముచ్చటను 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. 1901లో, తొమ్మిదేళ్ల వయసులో, అన్నతో, అక్క కొడుకులతో కలిసి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరారు. మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టర్ ఆప్యాయంగా దగ్గరికొచ్చాడు. మీరెవరు బాబూ అని అడిగాడు. చిన్న భీమ్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నిజం చెప్పాడు, మేం మహర్లం అని. ఆ మనిషి ముఖం అక్కడికక్కడే మారిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. పిల్లలు అక్కడే నిలబడిపోయారు.

దళిత పిల్లలందరికీ బతుకులో ఎక్కడో ఒక స్టేషన్ మాస్టర్ ఉంటాడు. స్నేహితుడి ఇంట్లో మంచినీళ్ల గ్లాసు అందిస్తూ ఇంటిపేరు అడిగిన ఆంటీ కావచ్చు. మొదటి రోజు క్లాసులో ర్యాంకు అడిగిన సీనియర్ కావచ్చు. నిజం చెప్పిన మరుక్షణం ఎదుటి ముఖంలో తలుపు మూసుకోవడాన్ని మనం చూశాం. అందుకే ఎవరు కొత్తగా ఆప్యాయంగా పలకరించినా మన కళ్లు ముందు వాళ్ల ముఖాన్ని వెతుకుతాయి. దీన్ని పుస్తకాల్లో అతి జాగరూకత అని, అనుమానం అని రాస్తారు. మన ఇళ్లలో దాన్ని బుద్ధి తెచ్చుకోవడం అంటారు. ఆ జాగ్రత్తే మనల్ని ఇంతదూరం బతికించుకొచ్చింది.

కాబట్టి 'మనసు విప్పి మాట్లాడండి' అని గోడ మీద రాస్తే సరిపోదు. ముఖం మారదన్న నమ్మకం ఎదుటి కుర్చీ ఇవ్వాలి.

రెండు గదులు

మాది నల్లగొండ జిల్లాలో మాదిగ ఇల్లు. అమ్మ కూలికి పోతుంది. నాన్న ఉన్నన్నాళ్లు డప్పు కొట్టాడు, బత్తాయి తోటల్లో పనికి పోయాడు. మా ఇంట్లో పీహెచ్‌డీ దాకా వచ్చింది నేనే. చదువు కోసం వచ్చిన నగరంలో, పరిశోధన రెండో ఏట, నాకు సెమినార్‌లో నిలబడి మాట్లాడాలంటే చేతులు వణకడం మొదలైంది. నిద్ర పోయింది. డిపార్ట్‌మెంట్ వరండాలో నడవాలంటే కడుపులో దేవేది. మా విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్ కేంద్రం ఉంది. వెళ్లాను.

అక్కడి కౌన్సెలర్ మంచి మనిషే కావచ్చు. ఆమె నన్ను మొదటి మాట నుంచే 'నువ్వు' అని పిలిచింది. ఏ కోటాలో సీటు వచ్చిందని అడిగింది. నేను డిపార్ట్‌మెంట్‌లో విన్న ఒక మాట చెప్పాను. ఈ రోజుల్లో కులం ఎక్కడుంది, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావేమో, ప్రాణాయామం చేసి చూడు అంది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. 'సరే మేడమ్' అని బయటికొచ్చాను. ఊళ్లో దొర ఇంటి ముందు మా నాన్న 'సరే దొరా' అన్న గొంతు నా గొంతులో వినిపించింది.

రెండో గది ఊరి చివర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేది. మా విద్యార్థి సంఘంలో ఒక అక్క ఆ నంబర్ ఇచ్చింది. విద్యార్థుల దగ్గర ఆ థెరపిస్టు మామూలు ఫీజులో నాలుగో వంతు తీసుకునేది. మొదటి రోజు ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. 'నేను అగ్రకుల కుటుంబంలో పుట్టాను. కులం గురించి నేను కొంత చదివాను, దాని దెబ్బ నేను తినలేదు. నా మాట మీకు ఎక్కడైనా తగిలితే చెప్పండి, దాని గురించే మాట్లాడుకుందాం.'

'మీకు' అంది. మా ఊళ్లో పదేళ్ల దొరబిడ్డ అరవై ఏళ్ల మా తాతను అరేయ్ అని పిలిచేవాడు. ఒక్క బహువచనం వైద్యంలో ఎంత పని చేస్తుందో సైకాలజీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుందో లేదో నాకు తెలియదు. తెలుగులో వైద్యం చేసేవాళ్లకు తెలిసి ఉండాలి.

మైకులో చెప్పలేని మాట

అయినా నేను వెంటనే మనసు విప్పలేదు. మొదటి ఐదారు వారాలు సెమినార్ పేపర్ చదివినట్టు మాట్లాడాను. వ్యవస్థ, నిర్మాణం, ఆధిపత్యం, అన్నీ ఇంగ్లిష్‌లో. నా బాధ గురించి నేనే బయటి పరీక్షకుడిలా నివేదిక ఇచ్చాను. చదువుకున్న మనవాళ్లకు ఇది బాగా అలవాటైన కవచం. సిద్ధాంతం మనకు ఊపిరి. దాని వెనక దాక్కోవడమూ తేలికే.

ఒక రోజు ఆమె అడిగింది, 'దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?' అని.

'మనాది' అన్నాను. మా అమ్మ ఫోన్‌లో రోజూ అనే మాట. మనాది పెట్టుకోకు బిడ్డా, రంది పడకు బిడ్డా. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇంకో మాట రాలేదు. గొంతు పూడుకుపోయింది. ముక్కు కారింది. సినిమాలో లాగా అందంగా ఏమీ లేదు. ఆమె కాగితపు రుమాళ్ల డబ్బా నా వైపు జరిపి మాట్లాడకుండా కూర్చుంది. డిప్రెషన్ అన్న పేరుతో మూడు నెలలు మాట్లాడినా కదలనిది ఆ ఒక్క మాటకు కదిలింది. బాధ ఏ భాషలో పడిందో ఆ భాషలోనే లేస్తుంది.

తర్వాతి వారం వెళ్లబుద్ధి కాలేదు. ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. లోపలిది బయటపెట్టిన మర్నాడు తేలికపడతాం అనుకుంటారు. చాలాసార్లు సిగ్గేస్తుంది. ఎందుకు చెప్పాను, నా గురించి ఏమనుకుంటుందో అనిపిస్తుంది. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. ఆ సిగ్గు రావడం చికిత్స చెడిపోయిందనడానికి గుర్తు కాదు. కవచం తీసిన చోట మొదటిసారి గాలి తగిలితే చురుక్కుమంటుంది, అంతే.

నమ్మకం కుదిరింది మాత్రం ఆ ఏడుపు రోజున కాదు. ఇంకో రోజున. నా గైడ్ గురించి చెబుతుంటే ఆమె, 'గైడ్‌ను మార్చుకోవచ్చు కదా' అంది. గైడ్‌ను మార్చుకున్న దళిత స్కాలర్‌ను డిపార్ట్‌మెంట్ ఎలా చూస్తుందో, సంతకం ఆలస్యమైతే ఫెలోషిప్ ఎన్ని నెలలు ఆగుతుందో, ఆగితే మా ఇంటి చిట్టీ ఎలా కట్టాలో ఆ మాటలో లేదు. 'ఆ మాట అనడం మీకు సులువు మేడమ్' అన్నాను. అని ముఖం చూశాను. స్టేషన్ మాస్టర్ కోసం చూశాను.

ముఖం మారలేదు. ఆమె కాసేపు ఆగి, 'తప్పు నాదే. అది మీకు ఎంత ఖరీదో తెలుసుకోకుండా అన్నాను. చెప్పండి' అంది. ఆ కులాల నుంచి వచ్చిన మనిషి నా ముందు 'తప్పు నాదే' అనడం నా ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. థెరపీలో బంధం తెగడం, మళ్లీ అతకడం అన్నది పెద్ద విషయమని చికిత్స చేసేవాళ్లే చెబుతారు. మన విషయంలో ఆ అతుకు రెండు మనుషుల మధ్య మాత్రమే పడదు.

ఆ తర్వాతే, అన్నిటికన్నా అడుగున ఉన్న మాట చెప్పగలిగాను. డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన నా గురించి, 'వీళ్లకు డేటా ఇవ్వొచ్చు, ఆలోచన ఇవ్వలేం' అన్నాడు. దీని గురించి నేను సభలో మాట్లాడాను, కరపత్రం రాశాను, నినాదం ఇచ్చాను. సభలో చెప్పనిది ఒకటుంది. రాత్రిళ్లు నాకు ఆ మాట నిజమేనేమో అనిపించేది. సగం రాసిన అధ్యాయం ముందు కూర్చుంటే ఆయన గొంతే వినిపించేది. బయట నేను తిప్పికొట్టిన మాట లోపలికి దిగి, నా గొంతుతోనే నాతో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇది మైకులో చెప్పలేం. చెబితే శత్రువు చేతికి ఆయుధం ఇచ్చినట్టు ఉంటుంది. ఇంట్లో చెప్పలేం, అమ్మ కుమిలిపోతుంది. సంఘంలో తమ్ముళ్లకు చెప్పలేం, వాళ్లు మనల్ని చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు. ఇంటికి మొదటి చదువరివి, ఊరికి ఆదర్శానివి, సంఘానికి గొంతువి. ఇన్ని మోస్తున్న మనిషి దించుకునే చోటు ఏది? కులం చేసే అతి లోతైన గాయం ఇక్కడే ఉంటుంది, మనం ఎవరికీ చూపని చోట. దానికోసమే ఆ గది కావాలి.

ఇది ఉద్యమానికి ప్రత్యామ్నాయమా?

మన మిత్రుల్లో చాలామంది అడిగే ప్రశ్న ఇది, అడగాల్సిన ప్రశ్న కూడా. కులం సామాజిక రోగం అయితే మంచం మీద మనల్ని ఎందుకు పడుకోబెడతారు? వివక్ష చేసిన వాడికి పదోన్నతి, పడ్డవాడికి కౌన్సెలింగా?

ఈ అనుమానానికి చరిత్ర ఉంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని వదిలి వెళ్లాక అతని మరణాన్ని వ్యక్తిగత నిరాశగా చిత్రించడానికి ఎంత ప్రయత్నం జరిగిందో చూశాం. 2023 ఫిబ్రవరిలో ఐఐటీ బాంబేలో దర్శన్ సోలంకి చనిపోతే సంస్థ వేసిన అంతర్గత కమిటీ కులవివక్షకు నిర్దిష్టమైన ఆధారాలు లేవంది, చదువులో వెనకబడటాన్ని కారణంగా ముందుకు తెచ్చింది. డిప్రెషన్ అన్న మాట కులం అన్న మాటను కప్పే దుప్పటి అయినప్పుడు మనం దాన్ని లాగేయాల్సిందే.

వలస పాలనలో పనిచేసిన ఒక నల్లజాతి మానసిక వైద్యుడు ఇదే చిక్కును మనకంటే ముందే ఎదుర్కొన్నాడు. ఫ్రాంజ్ ఫానన్ 1953లో ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలోని అల్జీరియాలో, బ్లిదా ఆసుపత్రిలో చేరాడు. 1956లో రాజీనామా చేశాడు. సొంత నేల మీదే మనిషిని పరాయివాణ్ని చేసే పాలన కింద, ఆ మనిషికి తన పరిసరాలతో పొత్తు కుదర్చడం వైద్యుడి వల్ల అయ్యే పని కాదని తన రాజీనామా లేఖలో వాదించాడు. అయితే ఫానన్ మానసిక వైద్యాన్ని వదిలేయలేదు. ట్యునీషియా వెళ్లి అక్కడ వైద్యం చేస్తూనే విముక్తి పోరాటంలో పనిచేశాడు. గాయానికి కట్టు కట్టడం, కొట్టే చేతిని ఆపడం, రెండూ ఒకే మనిషి చేశాడు.

నా అనుభవం కూడా అదే చెబుతోంది. ఆ మాట అన్న మనిషి మీద ఎస్సీ, ఎస్టీ సెల్‌కు నేను రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది థెరపీ మొదలైన తొమ్మిదో నెలలో. దానికి ముందు రెండేళ్లు ఆ కాగితం నా ల్యాప్‌టాప్‌లో డ్రాఫ్టుగా ఉంది. రాసేటప్పుడు చేయి వణకలేదని చెప్పను, వణుకుతూనే రాసింది. తేడా ఏమిటంటే ఆ మాట నా గురించి కాదని, అన్నవాడి గురించని అప్పటికి నాకు ఒంటికి తెలిసింది. బుర్రకు ఎప్పుడో తెలుసు.

అంబేడ్కర్‌నే మళ్లీ చూడండి. విదేశాల్లో చదివొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరిన ఆయనను పార్సీల సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. తలదాచుకోవడానికి ఇద్దరు మిత్రుల్ని అడిగితే ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. ఆయన ఒక పార్కులో కూర్చుని రాత్రి రైలు కోసం ఎదురుచూశారు. ఆ రోజు గుర్తొస్తే కళ్లలో నీళ్లు తిరగకుండా ఉండవని ఏళ్ల తర్వాత ఆయనే రాసుకున్నారు. రాజ్యాంగం పట్టుకుని వేలు చూపించే విగ్రహం మనకు ప్రతి కూడలిలో ఉంది. పార్కులో ఒంటరిగా కూర్చున్న యువకుడి విగ్రహం మన కూడళ్లలో కనిపించదు. ఆ ఇద్దరూ ఒక్కరే. తన కన్నీళ్లను కాగితం మీద పెట్టడం ఆయన పోరాటాన్ని తగ్గించలేదు.

ఆ కుర్చీలో కూర్చోబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

మొదటి రోజే అంతా చెప్పాల్సిన పని లేదు. ముందు చిన్న విషయం చెప్పి ముఖం చూడండి. అలా చూడటం మీ హక్కు. మొదటి సెషన్‌లో మీరూ ప్రశ్నలు అడగొచ్చు. మీ చదువేమిటి, కులం వల్ల వచ్చే బాధలతో ఇంతకుముందు పనిచేశారా, నేను చెప్పేది ఎక్కడ రాసిపెడతారు, ఎవరు చూస్తారు, ఏ పరిస్థితిలో బయటికి చెప్పాల్సి వస్తుంది. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు గోప్యతకు మినహాయింపు ఉంటుంది. మిగతా విషయాల్లో మీ మాట మీ గైడ్‌కో వార్డెన్‌కో చేరకూడదు. ఈ ప్రశ్నలకు చిరాకుపడే మనిషి దగ్గర మీకు పని లేదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులం, మతం, లింగం వంటి వాటి పేరుతో వివక్ష లేకుండా చికిత్స పొందే హక్కును అందరికీ ఇచ్చింది. కౌన్సెలర్ మీ కులాన్ని కొట్టిపారేస్తే, అది మీ ఊహ అంటే, లేచి రావడం మర్యాద తప్పడం కాదు. ఒక తలుపు మూసుకుంటే ఇంకొకటి తట్టండి. దళిత, బహుజన, ఆదివాసీ యువతను కులం తెలిసిన థెరపిస్టులతో కలిపే బ్లూ డాన్ లాంటి మన బృందాలు ఉన్నాయి. మాటలోనే తెలుగు కావాలని అడగండి. ఏడుపొస్తే ఏడవండి. రాకపోతే అదీ సరే, మౌనంగా కూర్చున్న గంట కూడా వృథా పోదు. మాట తగిలితే తగిలిందని చెప్పండి. ఆ మాటకు ఎదుటివాళ్లు ఎలా బదులిస్తారన్నదే అసలు పరీక్ష.

ఇప్పుడే, ఈ రాత్రే, తట్టుకోలేనట్టుంటే ఆగవద్దు. టెలిమానస్ 14416 నంబర్ ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పక్క గదిలో ఉన్న మిత్రుణ్ని లేపండి. నిద్ర చెడగొట్టామని ఎవరూ అనుకోరు.

విశ్వవిద్యాలయాలు చేయాల్సింది

ధైర్యం చెప్పే బాధ్యత మా మీద వేసి సంస్థలు చేతులు దులుపుకోకూడదు. నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మానసిక సమస్యలున్న వారిలో చికిత్స అందని వాళ్లు, సమస్యను బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. నగరాల్లో ప్రైవేటు థెరపిస్టు దగ్గర ఒక గంటకు వెయ్యి రూపాయలు పైమాటే. నెలల తరబడి ఫెలోషిప్ రాని విద్యార్థికి క్యాంపస్‌లోని గది ఒక్కటే దిక్కు. ఆ గది ఎలా ఉండాలో మనం చెప్పాలి.

ఒకటి, కౌన్సెలింగ్ కేంద్రం క్రమశిక్షణ యంత్రాంగానికి దూరంగా ఉండాలి. ప్రోక్టర్‌కు జవాబు చెప్పే కౌన్సెలర్ ముందు ఎవరూ నోరు విప్పరు. అక్కడ చెప్పిన మాట విచారణ కమిటీ చేతిలో 'అతనికి ముందే సమస్య ఉంది' అనే సాక్ష్యంగా తేలకూడదు.

రెండు, కౌన్సెలర్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల వాళ్లు ఉండాలి. తెలుగు, ఉర్దూ, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లలున్న చోట ఆ భాషలు వచ్చిన మనుషులు ఉండాలి. మిగతా కౌన్సెలర్లకు కులం గురించి ఒక పూట వర్క్‌షాప్ సరిపోదు. ఏళ్ల తరబడి, పైవాళ్ల పర్యవేక్షణలో నేర్చుకోవాల్సిన పని అది.

మూడు, బాధ విన్న గది పక్కనే న్యాయం చేసే గది పనిచేయాలి. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల కేంద్రం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. వాటిని అమలు చేయించమని 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లింది రాధిక వేముల, ఆబిదా సలీం తడ్వి. ఒకరు రోహిత్ తల్లి, ఒకరు ముంబైలో 2019 మే 22న చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వి తల్లి. ఉన్న నిబంధనను అమలు చేయమని బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు అడగాల్సి వచ్చింది. కౌన్సెలర్ ముందు గుండె విప్పిన విద్యార్థి బయటికొచ్చి అదే వరండాలో అదే మనిషికి నమస్తే పెట్టాల్సి వస్తే, ఆ గది గాయాన్ని కడిగి మళ్లీ కొట్టించుకోవడానికి పంపినట్టే.

నాలుగు, మన సంఘాలు. బోధించు, సమీకరించు, పోరాడు అని నేర్చుకున్నాం. స్టడీ సర్కిల్ ముగిశాక ఒక అరగంట, ఎవరూ ఉపన్యాసం ఇవ్వని అరగంట, పెట్టుకోలేమా? 'నాకు భయమేస్తోంది' అన్న తమ్ముడికి సిద్ధాంతంతో కాకుండా చాయ్‌తో జవాబిచ్చే అరగంట. నాకు థెరపిస్టు నంబర్ ఇచ్చిన అక్క ఆ రోజు నాతో పెద్దగా ఏమీ మాట్లాడలేదు. 'నేను కూడా పోతున్న' అంది. ఆ మూడు మాటలే నన్ను ఆ తలుపు దాకా నడిపించాయి.

మన తాతలు చెప్పుకోవడానికి మనిషి లేక రాళ్లతో, పక్షులతో, పాటలతో చెప్పుకున్నారు. మనం విశ్వవిద్యాలయం గేటు దాకా వచ్చాం. గేటు లోపల ఒక కుర్చీ, ఎదురుగా మారని ఒక ముఖం, తలుపు వేసిన ఒక గంట. ఇది దయ చూపి ఇచ్చే సౌకర్యం కాదు. లైబ్రరీ లాగా, మెస్ లాగా, సీటు లాగా మనకు రావాల్సిన వాటా. వాటా అన్నాక అడిగి తీసుకుందాం.

జై భీమ్.